మందులిచ్చే వేళ మాట్లాడను

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ రేడియో సిస్టర్ అనేవారు. మగవాళ్ల ఎముకల వార్డులో ఇరవై నాలుగు బెడ్లు, ఆమెకు ఇరవై రెండేళ్ల సర్వీసు. పొద్దున వార్డులో అడుగుపెట్టింది మొదలు డ్యూటీ దిగేదాకా నోటికి మూత ఉండేది కాదు. ఎవరి కట్టు ఎలా ఉంది, ఎవరి కూతురు పరీక్ష ఎలా రాసింది, ఎవరి అల్లుడు చూడ్డానికి రాకుండా ఎందుకు మొహం చాటేశాడు, అన్నీ ఆమెకు కావాలి. సూది గుచ్చేటప్పుడు కూడా కబుర్లే. గుచ్చిన సంగతి రోగికి తెలిసేలోపు దూది అద్దేసేది. ఆమె మాటల్లో పడి నొప్పి మర్చిపోయినవాళ్లున్నారు. ఆ మాటలు భరించలేక తొందరగా నయం చేసుకుని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారని జూనియర్ సిస్టర్ వేళాకోళం చేసేది.

అలాంటి మనిషి ఓ పొద్దున పొరపాటు చేసింది.

ఎనిమిదింటి మందుల వేళ అది. ట్రాలీ తోసుకుంటూ పదో బెడ్ దాకా వచ్చింది. పని తొందరగా తెమలాలని రెండేసి బెడ్ల మందులు ఒక్కసారే చిన్న కప్పుల్లో వేసి పెట్టుకోవడం ఆమెకు అలవాటు. పదకొండో బెడ్ మనిషికి బీపీ మాత్ర, పన్నెండో బెడ్ మనిషికి షుగర్ తగ్గించే మాత్ర. రెండూ తెల్లగా, గుండ్రంగా, కవల పిల్లల్లా ఉంటాయి. కప్పులు సర్దిందో లేదో ఫోను మోగింది. అది పెట్టేసేసరికి, ఎక్స్‌రేకి ముందు ఎవరిని తీసుకెళ్లాలంటూ ఆయా వచ్చింది. ఆయాతో మాట్లాడుతుండగానే మూడో బెడ్ తాలూకు మనిషి దుప్పటి కావాలని చెయ్యి పట్టుకున్నాడు. అవతల నుంచి డ్యూటీ డాక్టరు ఏడో బెడ్ కేస్ షీట్ ఏదని కేకేశాడు. అందరికీ తలో జవాబూ చెప్పి, మధ్యలో తనూ ఓ చలోక్తి విసిరి, చేతికందిన కప్పు పదకొండో బెడ్ మనిషికి ఇచ్చింది. మిగిలింది పన్నెండో మనిషికి. ఇద్దరూ గుటుక్కున మింగేశారు.

పదకొండో బెడ్‌లో ఉన్నాయన రిటైరైన బస్సు డ్రైవరు. మెట్ల మీద జారి తొడ ఎముక విరిగితే, కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టారు. షుగర్ జబ్బు ఆయన వంశంలోనే లేదు. పదకొండు గంటలయ్యేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. కళ్లు తేలేస్తూ, "లాస్ట్ స్టాప్. అందరూ దిగండి. బండి డిపోకి పోవాలి" అని గొణుగుతున్నాడు.

జూనియర్ సిస్టర్ గుండెపోటేమో అనుకుని డ్యూటీ డాక్టరు కోసం పరుగెత్తింది. రేడియో సిస్టర్ మాత్రం ఉన్నచోటే నిలబడిపోయింది. పొద్దుటి కప్పులు రెండూ ఆమె కళ్ల ముందుకొచ్చాయి. నోరు తెరవాలా, మూసుకోవాలా అని ఓ అర నిమిషం పాటు ఆమె లోపల పెనుగులాట జరిగింది. ఆ అర నిమిషం గురించి ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు. డాక్టరు వచ్చేసరికి మాత్రం, "గుండె కాదు సార్. షుగర్ పడిపోయింది. పన్నెండో బెడ్ మాత్ర ఈయనకిచ్చాను. నేనే ఇచ్చాను" అంది.

వేలి కొన నుంచి రక్తం చుక్క తీసి చూస్తే నిజమే. గ్లూకోజు ఎక్కించారు. ఆ మాత్ర ప్రభావం ఓ పట్టాన వదిలేది కాదు కాబట్టి రెండు రోజులు ఐసీయూలో, మిషన్ల మధ్య పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. మనిషి బతికి బయటపడ్డాడు. పన్నెండో బెడ్ మనిషికి కాస్త తల తిరిగింది, అంతే.

ఆ సాయంత్రం మేట్రన్ ఆమెను పిలిచింది. మేట్రన్ చెడ్డ మనిషి కాదు. ఆస్పత్రి పరువు తన తల మీదే ఉందని నమ్మిన మనిషి.

"నీరసం వల్ల కళ్లు తిరిగాయని రాయి. ఆయన బతికాడు కదా. నీ ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టుకోకు."

"నీరసం కాదు మేడమ్. జరిగిందే రాస్తాను."

రాసింది. రెండు పేజీలు రాసింది. ఏం జరిగిందో, ఆ టైములో ఎవరెవరు ఏమేం అడిగారో, రెండు కప్పులు ఒకేసారి పెట్టుకోవడం తన తప్పెలా అయిందో, ఒక్కటీ వదల్లేదు. మేట్రన్ ఆ కాగితాలు అందుకుని, చదవకుండానే పక్కన పెట్టింది.

డ్రైవరుకూ ఆమే చెప్పింది. ఆయన్ను తిరిగి వార్డుకు తెచ్చిన రోజున స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, "బాబాయ్, మీకు నీరసం రాలేదు. నేను వేరేవాళ్ల మందు ఇచ్చాను" అంది. ఆయన ఆమె మొహంలోకి ఓసారి చూసి, తల గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజంతా ఆమె చేతి మీదుగా నీళ్లు కూడా తాగలేదు. ఆమె పనిమీద అటు వెళ్లినప్పుడల్లా కళ్లు మూసుకునేవాడు.

మర్నాడు ఆయనే పిలిచాడు.

"అప్పుడు నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు?"

"అందరితోనూ" అంది ఆమె. ఎవరెవరో చెప్పింది.

ఆయన సీలింగు వైపు చూస్తూ విన్నాడు. "ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు నడిపానమ్మా. నా నెత్తిమీద ఎప్పుడూ ఒక బోర్డుండేది, బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదని. నా వెనక ఉండేది యాభై ప్రాణాలు. నీ వెనక ఇరవై నాలుగున్నాయి. నీకు బోర్డు లేదా?"

"ఆస్పత్రిలో అలాంటివి ఉండవు బాబాయ్."

"ఎందుకుండవు?"

రేడియో మూగబోవడం వార్డు చూడ్డం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున డ్రైవరు ఓ పాత డైట్ చార్టు వెనక పెన్నుతో గీతలు పెడుతూ కూర్చున్నాడు. కాలు కట్టేసి ఉన్న మనిషికి వేరే పనేముంటుంది. మందులివ్వడం అయ్యాక కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆ గంటలో ఆమెను ముప్పై ఏడుసార్లు ఎవరో ఒకరు పలకరించారు. ఫోను తొమ్మిదిసార్లు. రోగుల తాలూకువాళ్లు పదమూడుసార్లు. డాక్టర్లు ఆరుసార్లు. ఆయా ఒక్కసారి. మిగిలిన ఎనిమిదింటికి ఎదురుగా 'తనే' అని రాసి ఉంది.

"ఈ తనే ఎవరు?"

"ఇంకెవరు, నువ్వే. ఆ ఎనిమిదిసార్లూ ఎవరూ అడక్కుండానే నువ్వే మొదలుపెట్టావు."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఆమె అత్తగారి కుట్టుమిషను పక్కన చతికిలబడింది. అత్తగారు నలభై ఏళ్లుగా బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. మాటలు తక్కువ, కొలతలు ఎక్కువ.

"అత్తయ్యా, నాకో ఏప్రను కావాలి. ఎర్రగా ఉండాలి. ఓ మైలు దూరం నుంచి కనబడాలి. ముందూ వెనకా అక్షరాలు కుట్టాలి."

"ఏమని?"

"మందులిస్తున్నాను, మాట్లాడించకండి అని."

అత్తగారు కళ్లజోడు ముక్కు మీదికి దించి కోడల్ని ఎగాదిగా చూసింది. "అది వేసుకుంటే నువ్వు మాట్లాడవా?"

"మాట్లాడను."

"రెండు కుడతాను. ఒకటి ఇంట్లో వేసుకుందువుగాని."

అన్నదేగాని, జరిగిందంతా కోడలి నోట విన్నాక ఆమె మళ్లీ జోకు వేయలేదు. కుట్టుపనిలో మిగిలిన మందపాటి ఎర్ర గుడ్డ తీసి, నాలుగుసార్లు ఉతికినా వెలవని రకమని గోటితో గీరి చూసుకుని, తెల్లదారంతో జానెడు అక్షరాలు కుట్టింది. "అక్షరాలు చదవడం రాదని ఎవడూ తప్పించుకోకూడదు. అందుకే నోటి మీద వేలు పెట్టుకున్న మొహం కూడా కుట్టాను" అంది.

రేడియో సిస్టర్ నియమాలు మూడు పెట్టుకుంది. ఒకసారికి ఒక బెడ్, ఒక కప్పు. మందు మింగే మనిషితో ఆ మందు గురించి తప్ప వేరే మాట లేదు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే గంట కొట్టాలి, అప్పుడు ట్రాలీకి తాళం వేసి పరుగెత్తుకొస్తుంది. మిగతా ఫోన్లూ దుప్పట్లూ కేస్ షీట్లూ ఆ గంటసేపు జూనియర్ సిస్టర్ చూసుకోవాలి. సాయంత్రం మందులు జూనియర్ ఇచ్చేటప్పుడు ఆ కాపలా ఇంకొకరు కాస్తారు.

"ఎందుకొచ్చిన గొడవక్కా. రెండ్రోజుల్లో నీ మీద పితూరీ రాకపోతే నన్నడుగు" అంది జూనియర్.

రెండ్రోజులు కూడా పట్టలేదు. మొదటి పూటే ఐదో బెడ్ తాలూకు పెద్దాయన, "నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయా" అని వార్డు దద్దరిల్లేలా అరిచాడు. ఆమె స్ట్రిప్పు వెనక పేరు చదువుకుంటూ తలెత్తలేదు. ఆయాలు మూగ సిస్టర్ అని పేరు పెట్టారు. పక్క వార్డు నుంచి పనిగట్టుకుని వచ్చి చూసిపోయినవాళ్లున్నారు. నాలుక కొరుక్కుని, పెదాలు బిగబట్టుకుని ఆమె ఆ గంట గడిపేది. ఏప్రను విప్పగానే మాత్రం ఆ గంట బాకీ అంతా ఒక్కసారే తీర్చేసేది.

ఐదో రోజున ఎముకల పెద్ద డాక్టరు ఎనిమిదింబావుకే వార్డుకొచ్చాడు. వెంట ఎనిమిదిమంది విద్యార్థులు.

"సిస్టర్, ఆరో బెడ్‌కి పొద్దున జ్వరం ఎంతుంది?"

ఆమె పద్నాలుగో బెడ్ దగ్గర ఉంది. చార్టు మీద వేలు పెట్టి చదువుతోంది. తల తిప్పలేదు.

"సిస్టర్, మిమ్మల్నే."

జూనియర్ సిస్టర్ పరుగున వచ్చి, "నేను చెబుతాను సార్" అంది. "నేను అడిగింది మిమ్మల్ని కాదు" అన్నాడాయన. మూడోసారి పిలిచాడు. ఆమె పద్నాలుగో బెడ్ మనిషి మాత్ర మింగేదాకా చూసి, చార్టులో సంతకం పెట్టి, పదిహేనో బెడ్‌కి ట్రాలీ తోసింది. విద్యార్థుల్లో ఒకరు ఏప్రను మీద అక్షరాలు పైకి చదివారు. ఇంకొకరు నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్ద డాక్టరు మొహం ఆ ఏప్రను రంగుకొచ్చింది.

మధ్యాహ్నానికల్లా మెమో వచ్చింది. మూడింటికి డైరెక్టరు గదిలో హాజరవమని. పై అధికారిని అవమానించినందుకు, యూనిఫాం నిబంధన మీరినందుకు సంజాయిషీ.

గదిలో డైరెక్టరు, పెద్ద డాక్టరు, మేట్రన్ కూర్చుని ఉన్నారు. ఆమెను కూర్చోమనలేదు. ఆమె, డ్రైవరు ఆ మొదటి రోజు నుంచి పూటకొకటి చొప్పున గీసిన గీతల కాగితాలు ఆరూ బల్ల మీద వరసగా పరిచింది.

"ఏమిటివి?" అన్నాడు డైరెక్టరు.

"ఏప్రను వేయకముందు ఓ పూట నన్ను ముప్పై ఏడుసార్లు పలకరించారు సార్. వేశాక నాలుగు రోజుల్లో రోజుకు రెండో మూడో. ఈ రోజు నాలుగు. అందులో మూడు సార్‌వే."

పెద్ద డాక్టరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేనంత కష్టమైన పనా అది? మాత్ర తీసి చేతిలో పెట్టడమేగా."

"మీరు ఆపరేషన్ బల్ల దగ్గర కత్తి పట్టుకుని ఉన్నప్పుడు నేనొచ్చి, సార్, మూడో బెడ్‌కి దుప్పటి ఏదని అడిగితే చెబుతారా?"

"రెండూ ఒకటి ఎలా అవుతాయి?"

"మీ చేతిలో ఒక ప్రాణం ఉంటుంది సార్. నా ట్రాలీ మీద ఇరవై నాలుగుంటాయి. తేడా అంతే."

మేట్రన్ గొంతు సవరించుకుంది. "చూడమ్మా, ఇన్నేళ్లలో జరిగింది ఒక్క పొరపాటు. ఆ మనిషి బతికాడు. దీన్ని ఇంత రచ్చ చేయాలా?"

"ఒక్కటే అని ఎవరన్నారు మేడమ్? ఆయనకు చెమటలు పట్టాయి కాబట్టి ఆ ఒక్కటీ నాకు తెలిసింది. చెమట పట్టనివి ఎన్నున్నాయో నాకు తెలీదు. మీకూ తెలీదు."

డైరెక్టరు పెన్ను మూత పెట్టాడు. "ఇది యూనిఫాం కాదు. రేపటి నుంచి వేయకూడదు. సార్‌కి క్షమాపణ రాసివ్వండి, ఇంతటితో వదిలేద్దాం."

"క్షమాపణ చెప్పాల్సిన మనిషి పదకొండో బెడ్‌లో ఉన్నాడు సార్. ఆయనకు చెప్పేశాను. దీనికి మాత్రం రాయను."

"అయితే హెచ్చరిక మీ సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది."

"ఎక్కించండి. నాకో కాపీ ఇప్పించండి."

ఇంటికెళ్లేదాకా ఆమె కన్ను తడవలేదు. ఇంట్లో, స్నానాల గదిలో పంపు తిప్పి ఏడ్చింది. ఇరవై రెండేళ్లలో ఆ పుస్తకం మీద మచ్చ పడలేదు. బయటికొచ్చేసరికి అత్తగారు తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"వేయకూడదన్నారా?"

"అన్నారు."

"గుడ్డ వేయకూడదన్నారు, సరే. మాట్లాడి తీరాలన్నారా?"

ఆమె మెమో తీసి రెండుసార్లు చదివింది. అలాంటి మాట అందులో ఎక్కడా లేదు.

మర్నాడు ఎనిమిదింటికి ఆమె మామూలు తెల్ల యూనిఫాంలో ట్రాలీ తీసింది, నోరు మాత్రం తెరవలేదు. ఫోను మోగితే మోగనిచ్చింది. ఎవరో పిలిస్తే పిలవనిచ్చింది. ఏప్రను లేకపోవడంతో పొద్దున కొత్తగా చేరినవాళ్ల తాలూకువాళ్లు మీద పడబోయారు. అప్పుడు డ్రైవరు మంచంలోంచి, బస్సులో వెనక సీటుదాకా వినబడే గొంతుతో, "ఆమెతో మాట్లాడకండి. పనిలో ఉంది" అన్నాడు. ఐదో బెడ్ తాలూకు పెద్దాయన, మొన్న ముత్యాలు రాలతాయా అని అరిచినాయనే, లేచి వచ్చి కొత్తవాళ్లను వరండాలోకి తీసుకెళ్లాడు. ఆయన ఎందుకలా చేశాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పెద్ద డాక్టరు మళ్లీ ఎనిమిదింబావుకే వచ్చాడు. కావాలనే వచ్చాడు. ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి, "రెండో బెడ్ ఎక్స్‌రే వచ్చిందా?" అని అడిగాడు. ఆమె చార్టు చదువుకుంటోంది. ఆయన రెండో బెడ్ దగ్గరికెళ్లి, మంచం కాళ్లవైపు తగిలించి ఉన్న సంచీలోంచి ఎక్స్‌రే తనే తీసుకున్నాడు.

ఇలా తొమ్మిది రోజులు నడిచింది. మేట్రన్ పలకరించడం మానేసింది. డ్యూటీ చార్టులో ఆమెకు వారానికో రోజు ఇచ్చే సెలవు రాలేదు. సెలవెందుకు రాలేదని ఆమె కాగితం మీద రాసి అడిగింది. దానికీ జవాబు రాలేదు.

పదో రోజున పంతొమ్మిదో బెడ్ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అక్కడున్నాయన గడియారాలు బాగుచేసే మనిషి. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. మణికట్టు విరిగి ముందురోజే చేరాడు. చార్టులో ఆయన కీళ్ల మాత్ర ఎదురుగా 'రోజూ ఒకటి, పొద్దున' అని ఉంది. ఆ మాత్ర పేరు ఆమె నాలుగుసార్లు చదివింది.

"ఈ మాత్ర ఇంట్లో ఎప్పుడెప్పుడు వేసుకుంటారు?" అని అడిగింది.

"ఆదివారం ఆదివారం" అన్నాడాయన. "నిన్న సాయంత్రం చేరగానే కూడా ఒకటి ఇచ్చారు. ఆస్పత్రి కదా, మీ లెక్క వేరేమో అనుకున్నాను."

ఆ మందు వారానికి ఒక్కసారే వేయాలి. రోజూ పడితే నోరంతా పుండ్లై, రక్తకణాలు పడిపోయి, మనిషే దక్కడు. ఆమె మాత్రను కప్పులోంచి తీసి కవర్లో పెట్టి, మీద బెడ్ నంబరు రాసింది. మిగతా ఐదు బెడ్ల మందులూ అంతే నిదానంగా ఇచ్చింది. ట్రాలీకి తాళం వేశాక డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది.

"పాత చీటీలో ఉన్నదే నేను ఎక్కించాను. పెద్ద సార్ సంతకం కూడా పెట్టారు. ఇచ్చేయండి సిస్టర్" అన్నాడతను.

"ఇవ్వను."

"ఏంటీ?"

"ఇవ్వనన్నాను సార్. మీరైనా రండి, పెద్ద సార్‌నైనా పంపండి."

పెద్ద డాక్టరే వచ్చాడు. గడియారాల మనిషి భార్య సంచీలోంచి పాత చీటీ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాడు. తర్వాత చార్టు చదివాడు. చీటీలో వారానికి అని ఉంది. చార్టులో రోజూ అని ఉంది, కింద ఆయన సంతకం ఉంది. పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, సరిచేసి, పక్కన మళ్లీ సంతకం పెట్టాడు. గడియారాల మనిషికి రక్తపరీక్ష చేయించమన్నాడు. ఆమెకు థాంక్స్ చెప్పలేదు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, "రేపటి నుంచి నా రౌండ్స్ తొమ్మిదింటికి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మేట్రన్ పిలిచింది. ఈసారి కుర్చీ చూపించింది, టీ కూడా తెప్పించింది.

"డైరెక్టరుతో మాట్లాడాను. నీ సర్వీసు పుస్తకంలో హెచ్చరిక తీసేస్తారు. ఏప్రను సంగతి కూడా చూద్దాం, ఏదో ఓ రంగు ఒప్పుకుంటారు. కానీ పొద్దుట జరిగింది కాగితం మీద పెట్టకు. పెద్ద డాక్టరు సంతకం ఉందమ్మా దాని మీద. మందు ఆగిపోయింది కదా. ఎవరికీ ఏమీ కాలేదు కదా."

ఆమె టీ తాగింది. చాలా రోజుల తర్వాత ఎవరో తన కోసం తెప్పించిన టీ, వద్దనలేదు. కప్పు కింద పెట్టి, బల్ల మీదున్న తెల్లకాగితం తన వైపు లాక్కుంది.

"నిన్నటి మాత్ర ఆయన కడుపులోకి వెళ్లింది మేడమ్. అది ఇచ్చింది నేను డ్యూటీలో లేని పూట. ఇచ్చినమ్మాయి తప్పు కాదు, చార్టులో ఉన్నదే ఇచ్చింది. ఇది రాయకపోతే రేపు నెపం ఆ అమ్మాయి మీదే పడుతుంది."

"హెచ్చరిక ఉండిపోతుంది మరి. వచ్చే ఏడాది నువ్వు హెడ్ నర్సు కావలసినదానివి."

"ఉండనివ్వండి. కార్బన్ పేపరు ఉందా మేడమ్? మూడు కాపీలు కావాలి."

మేట్రన్ లేచి, బీరువా తెరిచి, కార్బన్ పేపర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. రేడియో సిస్టర్ తేదీ వేసి, టైము వేసి, రాయడం మొదలుపెట్టింది. మేట్రన్ ఏదో అడగబోయింది.

"ఒక్క ఐదు నిమిషాలు మేడమ్" అంది ఆమె, తలెత్తకుండా.